చచ్చాక నవ్విన కెప్టెన్

నేను ఒక సత్తుగిన్నెను. పదిమందికి సాంబారు కాగే సైజు. గిన్నెకి నోరేంటి అంటారా? ఇరవయ్యారు ఆదివారాలు అంతరిక్షంలో తిరిగొచ్చిన గిన్నెకి ఆ మాత్రం నోరుండదూ!

షూటింగు భోజనాల బండిలో పడుంటే, సెట్లు వేసే సత్తార్ నన్ను ఎత్తి, తలకిందులు చేసి, "ఇదిగో కెప్టెన్ గారి తల" అన్నాడు. కళ్ళ దగ్గర కోసి, నల్ల అద్దం బిగించి, వెండిరంగు కొట్టాడు. నా మెరుపుకి పైన పోయే విమానమొకటి దారి తప్పిందని ఊరంతా చెప్పుకునేవాడు. నేను కాదనలేదు.

ఆ టీవీ సీరియల్ పేరు 'కక్ష్య దాటిన నావ'. ఊరి బయట ఒక రేకుల షెడ్డు, అందులోనే ఆరు గ్రహాలు. వానొస్తే ఆరూ కారేవి.

నా లోపల తల పెట్టిన మనిషి గొర్లె పరదేశి. బొబ్బిలి వైపు ముప్పయ్యేళ్ళు నాటకాల్లో రాజు వేషాలు కట్టి, నాటకాలు ఆగిపోయాక భార్య అచ్చియ్యమ్మతో హైదరాబాదు వచ్చి ఒక గదిలో ఉంటున్నాడు. కెప్టెన్ వేషం ఆయనదే. కానీ మొహం నాలో దాక్కుంది, గొంతు ఇంకెవరిదో. "మా ఆయనే టీవీలో కెప్టెన్" అని అచ్చియ్యమ్మ చెబితే పక్కింటి సుగుణమ్మ నవ్వేది. "గిన్నెల ఎవరున్నరో ఎవరికెరుక?"

ఆ మాటకి మందు ఆఖరి ఎపిసోడ్లో ఉంది. కొత్త గ్రహం మీద దిగగానే కెప్టెన్ నన్ను తీసేసి గుండెలనిండా గాలి పీల్చుకుంటాడు. జనం ఆయన మొహం మొదటిసారి చూస్తారు. డైరెక్టర్ యుగంధర్ మొదటిరోజే మాటిచ్చాడు. ఆ ఒక్క ఊపిరి కోసం పరదేశి ఆర్నెల్లు నాలో ఉడికాడు. సాంబారుని కూడా నేను అంత ఉడికించలేదు.

ఆఖరి రోజు యుగంధర్ చల్లగా వచ్చాడు.

"పరదేశి గారూ, చిన్న మార్పు. రెండో సీజన్ ఖాయమైంది, హీరో కొత్తాయన. కెప్టెన్ ఇక్కడే పోతాడు."

"మరి గిన్నె ఎప్పుడు తియ్యాలి బాబూ?"

"తియ్యరు. దాంతోనే పోతారు. మిస్టరీగా ఉంటుంది."

పరదేశి నా లోపలే ఒక ఊపిరి వదిలాడు. నా అద్దమంతా ఆవిరి పట్టింది.

చావడం మాత్రం గొప్పగా చచ్చాడు. చావు షాటు అయ్యాక ఆ నటుడు కెమెరాలోకి చూసి ఒకసారి నవ్వాలి. లేకపోతే ఆ చావు నిజంగానే అంటుకుంటుందని సినిమావాళ్ళ భయం. అంతరిక్షనౌక ముక్కుకి నిమ్మకాయలు కట్టింది కూడా ఈ మహానుభావులే! ఆ నవ్వు ఎవరికీ చూపించరు, కోసేస్తారు. సత్తార్ నన్ను పైకి తీశాడు. పరదేశి నవ్వాడు. రాజు వేషాల నాటి నవ్వు, షెడ్డు రేకులు అదిరేలా.

"గుర్తుగా ఉంచుకో అన్నా" అని సత్తార్ నన్ను ఆయన చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున టీవీ ఎదురుగా గూట్లో కూర్చుని నేనూ చూశాను. కెప్టెన్ ఒరిగిపోయాడు. ఆ వెంటనే తెరనిండా పరదేశి మొహం, పకపకా నవ్వుతూ! హడావుడిలో కోయడం మర్చిపోయారు.

"ఓలమ్మా! మీరేనండీ!" అంటూ అచ్చియ్యమ్మ తెర మీద చెయ్యి పెట్టి నిమిరింది.

గంట గడవలేదు, సుగుణమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా పెద్దమనిషీ, గంత మంచి కెప్టెన్ని సంపి పండ్లికిలిస్తవా?"

"సంపడమేటమ్మా! సచ్చింది నానే!"

"సచ్చినోడు నవ్వుతడా?"

కెప్టెన్ మొహం ఎవరూ ఎరగరు. కెప్టెన్ పోగానే నవ్విన మొహం అందరూ చూశారు. ఇంకేం కావాలి? బజార్లో ఆకుకూరలమ్మే ఆవిడ ఆయనకి తోటకూర కట్ట ఇవ్వనంది. ఛానెల్ వాళ్ళు తప్పు దిద్దుకోకపోగా, "నవ్విన హంతకుడెవరు? రెండో సీజన్లో!" అని ప్రకటన వేశారు.

వారం తిరిగేసరికి వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. 'కెప్టెన్ గారికి అశ్రునివాళి'. బొమ్మ నాది. టెంటు, కుర్చీలు, మైకు. జరిగింది చెప్పుకుందామని పరదేశి తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాడు. ఎంతోసేపు పట్టలేదు, జేబు చిరిగి తిరిగొచ్చాడు.

"వదిలీండి," అంది అచ్చియ్యమ్మ. "నాను సూసినాను కదా. సాలదా?"

చాలలేదు. ఆయన నన్ను గూట్లోంచి తీసి తలకి పెట్టుకుని మళ్ళీ వీధిలోకి నడిచాడు.

ఒక్కసారిగా గోల. "కెప్టెన్ బతికే ఉన్నడు!" కుర్చీలు పడిపోయాయి. నా బొమ్మకి తెచ్చిన దండని సుగుణమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఆయన మెడలో వేసింది. ముప్పయ్యేళ్ళ నాటకాల్లో అన్ని చప్పట్లు ఆయన విని ఉండడు.

"గా గిన్నె తీయుర్రి సారూ," అంది సుగుణమ్మ. "ఒక్కసారి మొహం సూస్తం."

పరదేశి రెండు చేతులూ నా అంచుల మీదికొచ్చాయి. ఆయన ఆర్నెల్లు అడిగిందే ఇది. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు. తీస్తే కనబడేది మాత్రం ఆ నవ్విన హంతకుడి మొహమే.

పైకి ఎత్తలేదు. భుజాల దాకా కిందికి నొక్కుకున్నాడు.