మొండోడి మొక్కుబడి

పిలిస్తే వచ్చే కుక్కని ఎవరైనా పెంచుతారు. మావాడు రమ్మంటే పోతాడు, పొమ్మంటే కాళ్ళ దగ్గర పడుకుంటాడు. అందుకే మొండోడు అని పేరు పెట్టాను. ఊళ్ళోవాళ్ళు "అచ్చం హెలెన్ టీచర్ పోలికే" అంటారట. నా ముందు మాత్రం అనరు. బడి నుంచి రిటైరయ్యానే గాని, నా నోరు ఇంకా సర్వీసులోనే ఉంది.

షుగరు వచ్చిందని, రోజూ నడవమని దర్శిలో డాక్టరు చెప్పాడు. రోడ్డు మీద నడుద్దామంటే ఇంటికొకరు "ఎక్కడికి టీచరమ్మా?" అని ఆపుతారు. విసుగొచ్చి ఊరి వెనకున్న నల్లకొండ ఎక్కడం మొదలుపెట్టాను. ఆ కొండ నిండా నల్లరాళ్ళే. ఒకప్పుడు భూమి లోపల కరిగి, కాగి, పైకి పొంగి గడ్డకట్టిన రాయి ఇదని సర్వేకి వచ్చిన ఒకాయన చెప్పాడు. ఎండాకాలంలో దాని మీద చెయ్యి పెడితే ఇంకా చల్లారలేదేమో అనిపిస్తుంది. పైకెక్కితే మాత్రం ఒకవైపు పత్తిచేలు, ఒకవైపు కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఊరంతా కళ్ళకి కడుతుంది. ఆ దారిలోనే ఒకరోజు మొండోడు నా వెంటపడ్డాడు. పొమ్మన్నాను. అంతే, ఇక పోలేదు.

వాడంటే పడనిది మా సంఘ పెద్ద తోమా అన్నయ్యకి. ఒక ఆదివారం ఆయన చర్చి మెట్ల దగ్గర విడిచిన కొత్త చెప్పుల్లో ఒకటి మొండోడు నోట కరుచుకుని కొండెక్కేశాడు. అది మళ్ళీ దొరకలేదు. తోమా అన్నయ్య ప్రార్థనలో అందరినీ క్షమించేవాడు గాని, నా కుక్క దగ్గరకి వచ్చేసరికి మాత్రం గొంతు సవరించుకునేవాడు.

ఈ ఏడాది మిరపకోతలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం కొండ దిగుతుంటే కాలికింద రాయి దొర్లింది. రెండు బండల మధ్య పాదం ఇరుక్కుంది. లాగితే ప్రాణం పోయినంత నొప్పి. ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది, ఎండ నెత్తికెక్కింది. "ఒరేయ్, పోయి ఎవర్నన్నా తీసుకురారా" అని మొండోడిని బతిమాలాను. నా ఒడి పక్కన చేరి హాయిగా పడుకున్నాడు. ఒళ్ళు మండి, "అయితే ఇక్కడే చావు, కదలకు!" అన్నాను. లేచి పరుగెత్తి పోయాడు.

వాడూ పోయాడనుకున్నాను. అప్పుడు కొండకి అవతలవైపు మేకల గంటలు వినిపించాయి. అది ఊరి మేకలు కాసే యలమందయ్య మంద. అందులో నా మేకలు కూడా ఉన్నాయి. కళ్ళు మూసుకుని, "ప్రభువా, నన్ను కాపాడు. ముందుగా నా దగ్గరకి ఏది వస్తే దాన్ని కోత పండుగకి నీకిచ్చేస్తాను" అని మొక్కుకున్నాను.

దేవుడి దగ్గర దాపరికం దేనికి, మీ దగ్గర మాత్రం దేనికి? నాకొక లెక్క ఉంది. యలమందయ్య మంద ఎటు వెళ్ళినా అందరికంటే ముందు గెంతుకుంటూ వచ్చేది నా మేకపిల్లే. ప్రాణానికి ఒక మేకపిల్ల, నష్టం లేని బేరం. తొందరపడి మొక్కుకోకూడదని సండే స్కూల్లో పిల్లలకి ఏటా చెప్పేదాన్ని నేనే. చెప్పేవి నీతులు అని ఊరికే అన్నారా?

గంటలు దగ్గరయ్యాయి. బండ మీద నుంచి దూకి నా ముందు వాలింది మేకపిల్ల కాదు, మొండోడు. నోట్లో యలమందయ్య తువ్వాలు. వెనకాల రొప్పుకుంటూ యలమందయ్య.

"తువ్వాలు లాక్కుని ఉరికిందమ్మా! దీని దుంప తెగ, తువ్వాలు కోసం వెంటపడితే ఇక్కడ నువ్వు!" అంటూ గడకర్రతో బండని ఎత్తి నా కాలు విడిపించాడు. నన్ను వీపు మీద వేసుకుని కొండ దింపాడు. దారి పొడుగునా మొండోడు మా ముందే నడిచాడు, పొమ్మనకుండానే.

ఎముక విరగలేదు. ఆ తర్వాతి ఆదివారమే కుంటుకుంటూ వెళ్ళి చర్చిలో సాక్ష్యం చెప్పాను. మొక్కుబడి సంగతి కూడా గొప్పగా చెప్పుకొచ్చాను. "ముందుగా వచ్చింది..." అన్నాక గాని నా నోరు ఆగలేదు. చర్చి అంతా మొండోడి వైపు చూసింది. వాడు గుమ్మంలో కూర్చుని గోక్కుంటున్నాడు.

తోమా అన్నయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మొక్కింది మొక్కినట్టు చెల్లించాలి, టీచరమ్మా" అన్నాడు. చెప్పు పోయిన కోపం ఇన్నాళ్ళకి తీరుతోందనుకున్నాను.

మా చర్చిలో కోత పండుగకి ఎవరి పంటలోది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. ఊళ్ళో అందరూ వస్తారు, ఎవరైనా పాడుకోవచ్చు. ఇచ్చిన ఇంటివాళ్ళు మాత్రం పాడకూడదు. ఆ రూలు పెట్టించింది కూడా నేనే. మా సంఘంలోని ఏసోబు ఏటా తన కోడిపుంజుని తానే చవగ్గా పాడుకుపోతుంటే ఊరుకోలేకపోయాను. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఏమో అనుకున్నాను, అంత లోతుగా ఉంటుందని తెలియదు.

ఇంకో కబురు కూడా తెలిసింది. మిరప రైతు కోటేష్ మొండోడిని పాడుకోవాలని చూస్తున్నాడట. కల్లంలో కాయలకి కాపలాగా గొలుసు వేసి కట్టేస్తాడట. "తిండికి లోటుండదులెండి టీచర్ గారూ" అని నాతోనే అన్నాడు. మంచివాడే పాపం. కానీ కొండెక్కే కుక్కకి గొలుసంటే ఏమిటో నాకు తెలుసు. ఆ వారం రోజులూ నాకు అన్నం సయించలేదు. వాడికి చేప ముక్కలు పెట్టాను, తిట్టడం కూడా మానేశాను. అది చూసి వాడికి అనుమానం వచ్చినట్టుంది, నా చీర కొంగు వదల్లేదు.

పండుగ రోజు తాడు కట్టి తీసుకెళ్ళాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, రమ్మంటే వచ్చాడు. దానికే ఏడుపొచ్చింది.

గుమ్మడికాయలు అయ్యాయి, పత్తి మూట అయింది, కోళ్ళు అయ్యాయి. మొండోడిని ముందుకు తెచ్చాను. కోటేష్ చెయ్యెత్తాడు. వేలం వేసేది తోమా అన్నయ్యే. ఆయన పాట మొదలుపెట్టలేదు. చంకలోంచి బైబిలు తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచాడు.

"కుక్కని అమ్మిన సొమ్ము మొక్కుబడి కింద దేవుడి ఇంటికి తేకూడదని ధర్మశాస్త్రంలో రాసుంది" అన్నాడు గట్టిగా. "దీని డబ్బు మాకొద్దు. తీసుకుపో నీ కుక్కని!"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. కోటేష్ కూడా నవ్వి చెయ్యి దించాడు. నేను మాత్రం మొండోడి తాడుని చేతికి గట్టిగా చుట్టుకున్నాను. ఏటా మొదటి నుంచి చివరిదాకా చదివానని చెప్పుకునే నేను, ఆ పేజీలు పరుగున దాటేశానన్నమాట.

"ఈయన పది రోజుల్నించీ కళ్ళద్దాలు దించలేదు టీచరమ్మా" అంది తోమా అన్నయ్య భార్య ప్రేమమ్మ. "మొన్నెప్పుడో దొరికింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. "అన్నయ్యా, మొన్నే చెప్పొచ్చుగా! ఈ రెండు రోజులూ నేను చచ్చి బతికాను."

"మొన్నే చెబితే నువ్వు తెచ్చేదానివా?" అన్నాడు. "మాటిచ్చావు, తెచ్చావు. నీ వంతు అయిపోయింది."

ఆ మాటకి నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. దేవుడికి ఎంత కృతజ్ఞురాలినో, ఆ ముసలాయనకీ అంతే అనిపించింది. అక్కడే అందరి ముందు మేకపిల్ల లెక్క కూడా చెప్పేశాను. "అయితే దాన్ని పట్రా మరి" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. గోడవతల మందతో నిలబడి చూస్తున్న యలమందయ్యని కేకేశాను. మేకపిల్లని ఎత్తుకుని లోపలికి వచ్చాడు. వేలం అయ్యేదాకా ఆయన్ని నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. ఇన్నాళ్ళూ ఆ కొండ దింపినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను గాని, ఆయనకి చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాను. "తువ్వాలు కోసం వచ్చానమ్మా నేను" అన్నాడు సిగ్గుపడుతూ.

మర్నాడు ఉదయం చేతికర్ర పట్టుకుని మళ్ళీ కొండెక్కాను. నా కాలు ఇరుక్కున్న బండల దగ్గర ఆగాను. ఈసారి ఏమీ అడగలేదు, ఏమీ ఇస్తాననలేదు. స్తోత్రం ప్రభువా అని మాత్రం అన్నాను. మొండోడు ఎక్కడో పై రాళ్ళ మధ్య దూరి, సగం నమిలిన చెప్పొకటి తెచ్చి నా ముందు పడేశాడు. దుమ్ము దులిపి చూస్తే తోమా అన్నయ్యదే.

"అది అక్కడే ఉండనీ, ముట్టుకోకు" అన్నాను వాడితో. వెంటనే నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ నాకంటే ముందు చర్చి వైపు కొండ దిగడం మొదలుపెట్టాడు.