తోమిన చాకు

జేబులో చాకు లేకపోతే తన మొగుడు పాలు కూడా పిండలేడని ఆండాలు ఎగతాళి చేసేది. పలుపుతాడు కోయాలన్నా, గడ్డిమోపు కట్టు తెంపాలన్నా, బర్రె గిట్ట చెక్కాలన్నా, చివరికి అన్నంలోకి నిమ్మకాయ కోయాలన్నా బీరయ్యకు ఆ మడత చాకే. అఫ్జల్‌గంజ్‌లో ఒక కమ్మరి పాత లారీ కమాన్‌పట్టీ ఇనుప ముక్కతో చేసిచ్చాడు. బజారులో దొరికే తళతళలాడే స్టీలు చాకులు నాలుగు రోజులకే మొద్దుబారి బెండకాయను కూడా నలిపేస్తాయి. దీన్ని రాయి మీద కాస్త రాస్తే గడ్డం గీసుకోవచ్చు. కాకపోతే ఇనుము ఇనుమే. పులుపు తగిలినప్పుడల్లా మరక పడి, ఏళ్ల తరబడి ఆ మరకలన్నీ కలిసి చాకు అలుగంతా నల్లబడింది. పని కాగానే పంచె అంచుకు తుడిచి, ఇంత వెన్న రాసి మడిచేవాడు. ఎవరినీ కడగనిచ్చేవాడు కాదు.

"ఆ నలుపు వోతే తుప్పు వడ్తదే. గట్లనే ఉండనియ్," అనేవాడు.

ఉండనిస్తే ఎంత బాగుండేది. ఆ ఏడు దసరా ముందురోజు సాయంత్రం పత్తర్‌గట్టి వెనక సందులో ఒక బట్టల దుకాణం గుమాస్తాను ఎవరో పొడిచి చంపారు. గొడవలతో ఊళ్లో గాలి అప్పటికే బాగాలేదు. ఆ సందులో రోజూ సాయంత్రం పాలు పోసేది బీరయ్యే. అయ్యో పాపం అనుకున్నారు మొగుడూ పెళ్లాలూ. అంతకుమించి వాళ్లకేమీ తోచలేదు.

తెల్లవారితే ఆయుధపూజ. పండుగపూట మొగుడి పనిముట్టును అంత నల్లగా దేవుడి ముందు పెట్టడం ఆండాలుకు చిన్నతనమనిపించింది. బీరయ్య బర్రెలను కడుగుతుండగా చింతపండు, ఇటుకపొడి వేసి, పాత గుడ్డతో చెయ్యి నొప్పిపుట్టేదాకా తోమింది. రాయి మీద నూరింది కూడా. మెరిసిపోతున్న చాకుకు కుంకుమబొట్లు పెట్టి, కొడవలి పక్కన ఉంచింది. బీరయ్య చూసి తిట్టలేదు.

"పెండ్లికొడుకును జేసినవ్ గదనే," అని నవ్వి, పూజ కాగానే జేబులో వేసుకుని పాలు పోయడానికి వెళ్లాడు.

మూసీ వంతెన దగ్గర పోలీసులు జేబులు తడుముతున్నారు. చాకు దొరికింది. ఆ రోజు అలా దొరికినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరినీ ఠాణాలో కూర్చోబెట్టారు. పక్కింటి పుష్పమ్మ కబురు తేగానే ఆండాలు చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే ధీమా. ఉన్నదున్నట్టు చెబితే ఎవరైనా వింటారు. పిచ్చిది, పోలీసులు కూడా మనుషుల్లాగే వింటారనుకుంది.

హెడ్డు అమరనాథ్ చెడ్డవాడేం కాదు. కటకటాల వైపు చూపించి, "ఫికర్ చెయ్యకమ్మా. చాకులు గుంజుకొని రేపు ఇడిసిపెడ్తం," అన్నాడు. అక్కడితో లేచి వచ్చేయాల్సింది. కానీ మొగుడు దొంగలా కూర్చుని ఉంటే ఆమెకు కడుపు రగిలిపోయింది.

"ఆయన తప్పేం లేదు సారూ. గా చాకు గట్ల మెరుస్తుందంటే నేనే తోమిన."

అమరనాథ్ కలం ఆపాడు. "ఎప్పుడు తోమినవ్?"

"ఇయ్యాల పొద్దుగాల. మస్తు మరకలుండె."

"ఆండాలూ, ఊకో," అన్నాడు బీరయ్య లోపలినుంచి.

నలుగురిలో మాట్లాడుతున్నానని సిగ్గుపడుతున్నాడనుకుంది ఆమె. "ఎందుకూకోవాలె? సారూ, ఒక్క మరక లేకుంట తోమిన. నిమ్మకాయ మరకలు, మామిడికాయ మరకలు..."

"నిన్న పొద్దుమీకి ఏ గల్లీల పాలు వోస్తుండె నీ పెనిమిటి?"

"పత్తర్‌గట్టి ఎన్క గల్లీల. రోజు గాడనే," అంది. అన్న తర్వాత ఆ మాట ఆమె చెవికే చేరింది.

బీరయ్య కళ్లు మూసుకున్నాడు. అతన్ని మిగతావాళ్లలోంచి లేపి వేరే గదిలోకి తీసుకుపోయారు. తన నోటితో తానే మొగుణ్ణి చంపుకున్నానని ఆండాలుకు అర్థమైంది.

"తోమిన గుడ్డ యాడున్నది?" అని అడిగాడు అమరనాథ్. ఇప్పుడు అతని గొంతులో ఆ మెత్తదనం లేదు.

"పారేసిన సారూ. మూసీల పారేసిన," అంది. ఠాణాలో అబద్ధమాడటం ఆమెకు అదే మొదలు.

అయినా ఇద్దరు జవాన్లను వెంట పంపారు. ఇంటి ముందు బర్రెలు సాయంత్రం పాలకు అరుస్తున్నాయి. వాకిట్లో తీగ మీద ఆ గుడ్డ ఆరుతోంది. ఇనుప మరకలతో, చేతులు తుడుచుకున్న కుంకుమతో కలిసి ఎండిన నెత్తురులా గోధుమరంగుకు తిరిగిందది. పెద్దజవాను దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి చూశాడు.

"పారేసినన్నవ్ గదమ్మా," అన్నాడు, కోపం లేకుండానే.