గురక సంగతి

ఆయన బస్సు డ్రైవరు. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరాడు. ఆపరేషన్‌కు ముందురోజు మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కట్టుడు పళ్ళున్నాయా, ఏం మందులు వాడుతున్నారు అని ఒక్కొక్కటే అడిగింది. నిద్రలో ఊపిరి ఆగినట్టు ఎవరైనా చెప్పారా అనీ అడిగింది.

"లేదండీ, మామూలు గురకే" అన్నాడాయన.

భార్య నోరు తెరవబోయింది. దుప్పటి కింద ఆయన ఆమె చెయ్యి నొక్కాడు. ఆమె ఊరుకుంది.

పద్దెనిమిదేళ్ళ కాపురం. సాగుతున్న గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆమె మోచేత్తో పొడిచి పక్కకు తిప్పితే గానీ ఆయన మళ్ళీ ఊపిరి అందుకునేవాడు కాదు. పని అలసటేమో అనుకునేది. పుట్టింటివాళ్ళు ఆ గురక మీద జోకులేస్తే తనూ పడీపడీ నవ్వేది.

ఆపరేషన్ సాఫీగానే జరిగింది. నోట్లోంచి ఊపిరి గొట్టం తీసిన కాసేపటికి లోపల హడావిడి మొదలైంది. ఆమె తలుపు అద్దంలోంచి చూస్తే, ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. డాక్టరమ్మ రెండు చేతులతో దవడ పైకెత్తి పట్టుకుంది. నర్సు మాస్కు అదిమిపెట్టి గాలిసంచీ నొక్కుతోంది.

చాలాసేపటికి డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. మళ్ళీ గొట్టం వేశామని, ప్రాణానికి భయం లేదని చెప్పింది. పీల్చిన మత్తు ఇంకా పూర్తిగా దిగకముందే గొంతు సడలి దారి మూసుకుపోయిందట. మామూలు నిద్రలోనైతే గాలి అందకపోతే ఒళ్ళే ఉలిక్కిపడి లేపుతుంది, మత్తులో ఆ మెలకువ రాదట.

"ముందే చెప్పుంటే బాగా తెలివొచ్చేదాకా గొట్టం తీసేదాన్ని కాదమ్మా. ఈయనకి ఎప్పుడైనా నిద్ర పరీక్ష చేశారా?"

ఆమె లేదనేలోగా పక్కనున్న మరిది తల దించుకున్నాడు.

"చేశారు వదినా. రెండేళ్ళయింది. నేనే తోడెళ్ళాను. గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోందన్నారు. డిపోలో తెలిస్తే బస్సు దింపేస్తారని, నీకు చెప్పొద్దన్నాడు."

ఆమెకు పిల్లలు గుర్తొచ్చారు. ఈ రెండేళ్ళూ పిల్లలిద్దరూ ఆ బస్సులోనే బడికి వెళ్ళారు. ఎన్నోసార్లు తనే ఎక్కించి చెయ్యి ఊపింది. రోజూ పొడిచి లేపడానికి తను, నిజం చెప్పుకోవడానికి తమ్ముడు! ఆ నిజం తెలియకే తను నిన్న మంచం పక్కన నోరు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గొట్టం తీశాక ఆయన నోరు విప్పి అడిగిన మొదటి మాట, డిపోవాళ్ళకు ఈ సంగతి తెలిసిందా అని.

"ఇంకా లేదు" అంది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఇంటికొచ్చాక ఆయనే డిపోకి వెళ్ళి చెప్పాడు. కొన్ని నెలలు టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. నిద్రలో ముక్కుకు గాలి మిషను పెట్టుకోవడం అలవాటయ్యాక, పరీక్ష చేయించి మళ్ళీ బస్సిచ్చారు.

ఇంకా కోపమేనా అని ఒకసారి అడిగాడు. కోపం ఎప్పుడో పోయిందని, నమ్మడమే చేతకావడం లేదని చెప్పి, ఆమె ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది.