వేలు దిగని కోటు

ఏలూరు మెయిన్ బజారులో నేను కుట్టుమిషను పెట్టి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో నా పనికి వంక పెట్టినవాడు మళ్ళీ నా కొట్టు మెట్టెక్కలేదు. వాడే రాలేదో, నేనే రానివ్వలేదో అడక్కండి. అలాంటి నా దగ్గరికి 1936 ఏప్రిల్ చివర్లో ఉంగుటూరు సుబ్బరాజుగారు పరుగులాంటి నడకతో వచ్చి, ఒక ఉత్తరం బల్ల మీద పరిచారు.

ఆయన రైతుబిడ్డ, కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. హిమాలయాల్లో ఒక మంచు శిఖరం ఎక్కబోతున్న బృందం, అక్కడి మొక్కలు సేకరించడానికి ఆయన్ని కూడా రమ్మంది.

"ఇరవై వేల అడుగులండీ కనకరాజుగారూ! ఎవరి కోటు వాళ్ళే తెచ్చుకోవాలటండీ. వెచ్చగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, గాలీ మంచూ లోపలికి రాకూడదు. ఇంగ్లండు నుంచి తెప్పించడానికి వ్యవధి లేదండీ. అక్కడ కోటు చలికి ఆగకపోతే మనిషీ ఆగడండీ."

"నేనుండగా సీమ కోటెందుకండీ?" అన్నాను. మంచు అనేదాన్ని నేను క్యాలెండరు బొమ్మలో తప్ప చూడలేదు. అయినా ఒళ్ళంతా పొంగిపోయింది. ఏలూరు కోటు హిమాలయం ఎక్కడమంటే మాటలా!

పైగుడ్డ కోసం గొడుగు గుడ్డలు నాలుగు రకాలు తెప్పించాను. సుబ్బరాజుగారు ఒక్కోదాన్నీ పెదాలకి ఆనించి ఊదారు. ఊపిరి అవతలికి పోయిన రెంటినీ పక్కన పడేశాం. మిగిలిన రెంటినీ జోలెలా పట్టుకుని చెరో చెంబుడు నీళ్ళు పోశాం. ఒకటి కారింది. రెండోది గంటసేపైనా బొట్టు రాల్చలేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. కుట్టు సందుల్లో నీళ్ళు దిగకుండా మైనం రాస్తానన్నాను. లోపల కూరడానికి దూది వద్దన్నారాయన, తడిస్తే బరువట. నీటిపక్షి నూగు, అంటే ఈకల కింది మెత్తటి బొచ్చు, కావాలన్నారు.

కబురు పెడితే కొల్లేటి ఒడ్డు నుంచి పెద్దింటమ్మ గోనెసంచీతో వచ్చింది. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం, బాతుల్ని కూడా పెంచుతారు. సంచీ నిండా బాతు రొమ్ము కింది నూగు. చేత్తో ఎత్తితే సంచీలో ఏమీ లేనట్టే ఉంది.

మా నాన్న పరుపులు కుట్టేవాడు. పరుపుని వేలితో నొక్కితే వేలు దిగకూడదు, దిగిందంటే కుట్టినవాడు దొంగ. అది మా ఇంటి నియమం. కాబట్టి కోటుని గళ్ళు గళ్ళుగా కుట్టి, ఒక్కో గడిలో నూగుని కర్రతో దట్టించి కూరాను. మూడో రోజుకి కోటు తయారు. నేల మీద నిలబెడితే నిలబడింది!

ఇంకో సంచీ నూగు తెచ్చిన పెద్దింటమ్మ ఆ కోటుని నొక్కి చూసి మొహం చిట్లించింది.

"ఇదేంటండీ, ఇలా కుక్కేశారు? చలేస్తే బాతు ఈకలు విప్పార్చుకుని, మధ్యలో గాలి నింపుకుని కూర్చుంటాదండీ. అణుచుకుని కూర్చున్న బాతుని నేనెప్పుడూ చూళ్ళేదండీ. సగం తీసెయ్యండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చేపలమ్ముకునే నువ్వు నాకు కుట్టుపని నేర్పుతావా?"

"కుట్టుపని కాదండీ, బాతు సంగతి చెబుతున్నానండీ," అంది నెమ్మదిగా.

సుబ్బరాజుగారు అడ్డంపడి, ఆవిడ చెప్పినట్టు సగం నూగుతో నా చేతే రెండో కోటు కుట్టించారు. నొక్కితే బూరెలా అణిగి మళ్ళీ పొంగింది. నాకు దానివైపు చూడబుద్ధి కాలేదు.

"కూలీలు మోసే బరువుకి లెక్కుందండీ, రెండూ తీసుకెళ్ళడానికి లేదు. పరీక్ష పెడదాం," అన్నారాయన.

మే నెలలో ఏలూరులో చలి ఎక్కడ దొరుకుతుంది? స్టేషను దగ్గర ఐసు ఫ్యాక్టరీలో! కలకత్తా వెళ్ళే కొల్లేటి చేపల కోసం ఐసు దిమ్మలు నిలవ ఉంచే గది ఉందక్కడ. "మీకేమైనా పిచ్చా అండీ?" అంటూనే మేనేజరు తాళం తీశాడు. నా కోటు నేను, రెండోది ఆయన తొడుక్కున్నాం. ముందు చలికి ఓడినవాడి కోటు ఏలూరులోనే ఉండిపోవాలని పందెం. తలుపు పడింది.

మొదట్లో మహారాజులా కూర్చున్నాను. పావుగంటకి వీపులో సూదులు దిగడం మొదలైంది. అరగంటకి మోచేతులు నావి కాకుండా పోయాయి. పళ్ళు టకటకలాడకుండా దవడలు బిగబట్టాను. ఎదురుగా రంపపు పొట్టు బస్తా మీద కూర్చుని సుబ్బరాజుగారు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు.

"ఎలా ఉందండీ?" అని అడిగారు.

"మా ఇంట్లో పడుకున్నట్టుందండీ!" అన్నాను.

ఇంకాసేపటికి ఆయన వేళ్ళు ఊదుకున్నారు. "నాకు చేతులు చల్లబడుతున్నాయండీ. మీకేమీ లేదంటున్నారు కదా, మీ కోటే గట్టిది. అదే తీసుకెళ్తానండీ." అని లేచి తలుపు తట్టారు.

గెలిచాను! ఒక్క క్షణం ఛాతీ ఉబ్బిపోయింది. ఆ వెంటనే, తట్టడానికి తలుపే లేని చోట ఆయన ఈ కోటుతో కూర్చుని ఉండడం కళ్ళకి కట్టింది. నాకు భయం వేసింది. ఇరవై రెండేళ్ళ పరువు మాత్రం ఒప్పుకోవద్దంది.

తలుపు తెరుచుకుంది. ఎండ మొహాన కొట్టింది. పందెం సంగతి తెలిసి వచ్చిన పెద్దింటమ్మ బయట నిలబడి ఉంది.

"అబద్ధమాడానండీ," అన్నాను. "పావుగంటకే వణుకు మొదలైందండీ. ఈ కోటు వేసుకుని కొండెక్కకండి. చచ్చిపోతారు."

సుబ్బరాజుగారు నా చేతులు పట్టుకుని చూసి ఉలిక్కిపడ్డారు. గుండీలు విప్పుకుందామంటే నా వేళ్ళు వంగలేదు. పెద్దింటమ్మే దగ్గరికొచ్చి ఒక్కొక్కటీ విప్పింది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటేనే బాగుండేదనిపించింది.

సుబ్బరాజుగారు మాత్రం తన కోటు విప్పనే లేదు. మండుటెండలో చెమటలు కారుతున్నా నవ్వుతూ, చేతులూపుకుంటూ బజారు నడిమధ్య నడిచారు. ఆయన వెనకాల మేమిద్దరం. జనం కొట్లలోంచి బయటికొచ్చి నోళ్ళు తెరిచారు.

"ఎవరు కుట్టారండీ ఈ వింత?" అని అరిచాడు బట్టల కొట్టాయన.

"కుట్టింది నేనండీ!" అని నేనూ అరిచాను. "ఎలా కుట్టాలో చెప్పింది మాత్రం పెద్దింటమ్మగారండీ!"