మూడో అంతస్తు వెనక తలుపు

నేను ఒక ఇనుప తలుపును. కాకినాడ బజారులో ఉన్న ఒక దుకాణాల భవనంలో, మూడో అంతస్తు వెనక గోడకు నన్ను బిగించారు. మంటలొస్తే జనం నా గుండా బయటపడాలి. నాకున్న పని అదొక్కటే. ఆ ఒక్కటీ చెయ్యనివ్వరు.

ఊరి చివర ఒక షెడ్డులో పుట్టాను. రెండు రేకుల మధ్య మంట అంటుకోని పీచు కూరి, నడుముకు అడ్డంగా ఒక కడ్డీ అమర్చారు. భయంతో పరిగెత్తుకొచ్చిన మనిషి ఒళ్లు ఆనించినా చాలు, ఆ కడ్డీ నొక్కుకుని నేను తెరుచుకోవాలి. తయారుచేసినవాళ్లు అంత దూరం ఆలోచించారు.

భవనం యజమాని వీరభద్రం గారు చెడ్డమనిషి కాదు. అద్దెకున్నవాళ్లింట్లో పెళ్లయితే అందరికంటే ముందు వెళ్లి కూర్చునే రకం. అగ్నిమాపక అధికారి తనిఖీకి వచ్చినరోజు నన్ను తుడిపించి, స్వయంగా తోసి చూపించారు. అనుమతి పత్రం చేతికొచ్చాక నా కడ్డీకి గొలుసు చుట్టి తాళం వేశారు. వెనక మెట్ల మీద ఎవరో కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నారట. తర్వాత ఆ మెట్లు ఖాళీగానే ఉన్నాయి కదా అని పాత ఫ్లెక్సీ చట్రాలు, విరిగిన కుర్చీలు అక్కడ పెట్టించారు. పత్రం గడువు తీరినప్పుడల్లా గొలుసు దిగేది, మెట్లు ఖాళీ అయ్యేవి, నాకు ఫోటోలు తీసేవారు. సాయంత్రానికి అన్నీ మళ్లీ వాటి చోటికి వచ్చేసేవి. ఫోటోల్లో మాత్రం నేనెప్పుడూ తెరిచే ఉంటాను.

మా అంతస్తులో సుగుణమణి అనే ఆవిడ ఆడవాళ్లకు కుట్టుపని నేర్పేది. కనబడినప్పుడల్లా ఆయన్ని అడిగేది.

"ఆ గొలుసు తీయించండి బాబుగారూ. ఏదన్నా అయితే ఇంతమందిమి ఎటు పోతామండి?"

"దొంగలు పడితే మీ మిషన్లు ఎవరు తెచ్చిస్తారమ్మా? తాళంచెవి నా దగ్గరే ఉంటది కదా. ఒక్క ఫోన్ కొట్టండి, వచ్చేస్తాను."

ఒక మధ్యాహ్నం కింద మీటర్ల బోర్డు అంటుకుంది. ముందు మెట్లన్నీ నల్లటి పొగతో నిండిపోయాయి. దిగబోయినవాళ్లు దగ్గుకుంటూ వెనక్కొచ్చి నా మీద పడ్డారు. గొలుసు ఎంత వదులుందో అంతే తెరుచుకున్నాను. వేళ్లు దూరేంత సందు. సుగుణమణి ఫోన్ చేసింది.

"బయల్దేరానమ్మా, బజార్లో బళ్లు కదలట్లేదు," అన్నారాయన. అబద్ధం కాదు. నిజమైతే మాత్రం ఏం లాభం?

ఆవిడ ఫోన్ పక్కన పడేసి, కుట్టుమిషను తలను బల్ల మీంచి ఊడదీసింది. నూకరత్నం అనే శిష్యురాలు గొలుసు బిగపట్టుకుంటే, దానితో తాళాన్ని మోదింది. దెబ్బల్లో సగం నాకే తగిలాయి. తగలనీ అనుకున్నాను. చివరికి తాళం విరిగింది, అందరూ నన్ను దాటారు. కానీ మెట్ల మలుపులో, ఆ పొగలో, నూకరత్నం ఫ్లెక్సీ చట్రాలకు తట్టుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె మళ్లీ మిషను తొక్కలేకపోయింది.

విచారణకొచ్చిన అధికారితో వీరభద్రం గారు, "తలుపైతే ఉంది కదండీ," అన్నారు.

భవనం కొన్నాళ్లు మూతపడింది. కొత్త తలుపు దండగని, నా సొట్టలు సరిచేయించి, రంగు వేయించి మళ్లీ నన్నే బిగించారు. భవనం తెరిచి పట్టుమని నెల కాలేదు, ఆయన కొత్త గొలుసు పట్టుకుని పైకొచ్చారు.

"రాత్రిపూట మాత్రమేనమ్మా," అన్నారు, సుగుణమణి అడగకముందే.

"రాత్రి వాచ్‌మన్ సింహాద్రి ఈ వరండాలోనే పడుకుంటాడండి. అతనెటు పోవాలి?"

ఆయన వంగి గొలుసును నా కడ్డీకి చుట్టబోయారు.

"ఒక్కసారి ఇటు దిగి రండి బాబుగారూ. నూకరత్నం దిగిన దారినే."

గొలుసు కుట్టుబల్ల మీద పెట్టి, ఆయన నన్ను తోశారు. ఫోటోల కోసం ఎన్నిసార్లు తెరిపించారో గానీ, నా గడప దాటడం అదే మొదలు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. మలుపు దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. అక్కడ అప్పుడే మళ్లీ రెండు చట్రాలు చేరి ఉన్నాయి.

తర్వాత ఆయనే వాటిని కిందిదాకా ఈడ్చుకుపోతున్న చప్పుడు వినిపించింది.