కవచం కింది రేకు

వందేళ్ల కిందట కట్టిన ఆ యుద్ధనౌకకు పక్కల ఆరంగుళాల ఉక్కు కవచం. నీళ్లలో మునిగే అడుగుభాగం మాత్రం వట్టి రేకు. బరువు తగ్గితేనే వేగంగా పరుగెత్తుతుందని అలా కట్టారు. యుద్ధంలో ఒక్క గుండు కూడా దాన్ని తాకలేదు. అమెరికాలో మేరీలాండ్ రేవులో మ్యూజియం చేసి కట్టేశాక తుప్పే తినేసింది.

మ్యూజియం పైవాళ్లు చెప్పినట్టు ఆ తుప్పు మీద సూర్యప్రకాశం తొమ్మిదేళ్లుగా రంగు పూస్తున్నాడు. విశాఖలో వెల్డరుగా చేసినవాడికి ఇక్కడ ఇంకెవరూ పని ఇవ్వలేదు. ఓడ మూతపడితే ఈ పనీ పోతుంది.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు దేదీప్య ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. అడుగు గదిలో టార్చి వేసి చూసింది.

"పెయింట్ చాలా నీట్‌గా ఉంది అంకుల్! సేఫ్ అని సైన్ చేసేస్తా. సాటర్డే నైట్ స్కూల్ కిడ్స్ క్యాంప్‌కి వచ్చి షిప్‌లోనే పడుకుంటారు కదా, టూ హండ్రెడ్ మంది?"

సూర్యప్రకాశం సుత్తి తీసుకుని, తనకు బాగా తెలిసిన చోట ఒక్కటేశాడు. సుత్తి రేకులోకి దిగిపోయింది. నది నీళ్లు అతని గుండెల మీదకు చిమ్మాయి.

"ఓ మై గాడ్! మీకు ముందే తెలుసా అంకుల్?"

"రంగు పూసింది నేనే కదమ్మా." చొక్కా విప్పి కన్నంలో కుక్కాడు. "ఓడ మూసేయమని రాయి. నా కూడు ఎలాగూ పోయింది, పిల్లలైనా ఇళ్లలో పడుకుంటారు."