దర్జీ కొట్టు ముందు స్టూలు

గడియారాలాయన ఇల్లు మారాడే గానీ వీధి మారలేదు. రోడ్డు వెడల్పు చేస్తామని పాత ఇల్లు కూలగొడితే, ఆలుమగలిద్దరూ నగరానికి ఈ చివర నాలుగో అంతస్తుకు చేరి ఏడాదైంది. అయినా రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు బస్సులు మారి, పాత వీధిలో దర్జీ కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని వచ్చేవాడు. బాగుచెయ్యడానికి అక్కడిప్పుడు గడియారాలేమీ లేవు, కబుర్లు తప్ప.

చూపు మందగించింది. నెలలో రెండుసార్లు బస్సు మెట్ల మీంచి పడ్డాడు. ఈసారి పడితే తుంటి విరుగుతుందన్నాడు డాక్టరు. భార్య చెప్పి చూసింది, అలిగింది, ఒకపూట అన్నం కూడా మానేసింది. అంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా?

చివరికి ఓ సాయంత్రం మార్కెట్‌కని చెప్పి ఆవిడే దర్జీ దగ్గరికి వెళ్లింది.

"అన్నయ్యా, రేపు ఆయనొస్తే పలకరించొద్దు. స్టూలు కూడా వెయ్యొద్దు. మనసు విరిగితే గానీ మానరు."

"ముప్ఫై ఏళ్ల స్నేహం చెల్లెమ్మా. నా నోటితో పొమ్మని ఎలా అంటాను?"

"అనక్కర్లేదు. తలెత్తకుండా మీ పని చూసుకోండి, చాలు. ఆయనకేమైనా అయితే నాకెవరున్నారు?"

దర్జీ కత్తెర పక్కన పెట్టి సరేనన్నాడు.

ఎప్పుడూ ఒంటిగంటకు వచ్చే మనిషి మర్నాడు పదకొండు కాకుండానే వచ్చేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమన్నారు మీవాళ్లు?" అంది ఆవిడ ఏమీ ఎరగనట్టు.

"ఏమంటారు, కదలనిస్తేనా. రెండుసార్లు టీ తాగించారు."

కోప్పడతాడనుకుంది, తిట్టుకుంటాడనుకుంది. అబద్ధమాడి వాళ్ల పరువు కాపాడతాడనుకోలేదు.

మర్నాడు మళ్లీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఆవిడ బాల్కనీలోంచి చూసింది. కింద బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాడు. బస్సు వచ్చింది, వెళ్లింది. ఇంకోటి వచ్చింది. ఆయన లేవలేదు. పదింటికీ అక్కడే, పన్నెండింటికీ అక్కడే. మొహం మీద ఎండ పడితే కాస్త పక్కకు జరిగాడు. ఆవిడకు ఏడుపు ఆగలేదు. పరుగున కిందికి వెళ్లి, అదంతా నా పనేనండీ అని చెప్పేయాలనిపించింది. చెబితే రేపే మళ్లీ బస్సెక్కుతాడు.

ఒంటిగంటకు పైకొచ్చాడు.

"దర్జీ నీ గురించే అడుగుతున్నాడు" అన్నాడు చెప్పులు విడుస్తూ. "చెల్లెమ్మని ఓసారి తీసుకురమ్మంటున్నాడు."

"అలాగేనండీ, వెళ్దాం" అంది ఆవిడ, అన్నం వడ్డిస్తూ.